తల్లిదండ్రుల పోషణ కోసం ఆర్డీవోకు దరఖాస్తు: రాసిపెట్టేవాళ్ళకు వివరాలు

కన్నవాళ్ళకు పిల్లలు అన్నం పెట్టకపోయినా, మందులు కొనకపోయినా, ఇల్లు రాయించుకుని బయటికి పంపినా 2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం కింద దరఖాస్తు పెట్టుకోవచ్చు. దీన్ని విచారించే ట్రిబ్యునల్ మీ డివిజన్‌లోని ఆర్డీవో లేదా సబ్ కలెక్టర్. అక్కడి తీర్పు నచ్చకపోతే అప్పీలు కలెక్టర్ దగ్గర. పెద్దవాళ్ళలో చాలామంది ఈ కాగితం తామే రాసుకోలేరు. పక్కింటివాళ్ళో, సచివాలయం ఉద్యోగో, ఆశా కార్యకర్తో, సంఘం మనిషో రాసిపెడతారు. ఈ వివరాలు వాళ్ళకోసమే.

పెన్ను తీసేముందు

పెద్దావిడతోనో పెద్దాయనతోనో ఒంటరిగా మాట్లాడండి. కొడుకు గుమ్మంలో నిలబడి ఉంటే ఏ తల్లీ నిజం చెప్పదు. "మిమ్మల్ని కొడుతున్నారా?" అని మొదలుపెడితే "లేదమ్మా, బాగానే చూస్తారు" అనే జవాబే వస్తుంది. ఈ రోజు అన్నం ఎన్నింటికి తిన్నారు, బీపీ మాత్రలు ఎప్పుడు అయిపోయాయి, పింఛన్ ఎవరి చేతికి వస్తోంది, బ్యాంకు పుస్తకం, ఏటీఎం కార్డు ఎక్కడున్నాయి అని అడగండి. ఆ జవాబులే రేపు దరఖాస్తులో పనికొస్తాయి.

ఒంటిమీద గాయాలున్నా, ఆ రాత్రికి ఉండటానికి చోటు లేకపోయినా ముందు 112కు ఫోన్ చేయండి, ఆసుపత్రిలో చూపించి చీటీ దాచండి. ప్రమాదం లేకపోతే వృద్ధుల హెల్ప్‌లైన్ 14567 ఉదయం 8 నుంచి రాత్రి 8 వరకు పలుకుతుంది. ఫోన్‌కు డబ్బు పడదు.

ఎవరు, ఎవరిమీద

60 ఏళ్ళు నిండిన, సొంత సంపాదనతో, ఆస్తితో బతకలేని వాళ్ళెవరైనా పెట్టుకోవచ్చు. తల్లిదండ్రులకైతే 60 నిండాలన్న షరతు కూడా లేదు. దత్తత తీసుకున్నవాళ్ళు, సవతి తల్లిదండ్రులు కూడా ఇందులోకి వస్తారు. కదలలేని స్థితిలో ఉంటే వాళ్ళు అనుమతించిన మనిషో, స్వచ్ఛంద సంస్థో వాళ్ళ తరఫున ఇవ్వవచ్చు.

ఎదుటిపక్షంగా కొడుకు, కూతురు, మైనారిటీ తీరిన మనవడు, మనవరాలి పేర్లు రాయవచ్చు. ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే: పోషణ కోసం కోడలు పేరో అల్లుడి పేరో రాస్తారు. చట్టంలోని "పిల్లలు" అనే నిర్వచనంలో వాళ్ళు లేరు. వాళ్ళు చేసినవి వివరాల్లో రాయండి, ఎదుటిపక్షం గడిలో కాదు. పిల్లలే లేనివాళ్ళు, తమ ఆస్తి అనుభవిస్తున్న లేదా వారసత్వంగా పొందబోయే బంధువును అడగవచ్చు.

ముగ్గురు కొడుకులుంటే ఒక్కరిమీదే వేయవచ్చు. ఆయన మిగతావాళ్ళను కూడా చేర్చమని కోరవచ్చు కాబట్టి, మొదటే అందరినీ రాస్తే కాలం కలిసొస్తుంది. విదేశాల్లో ఉన్న పిల్లలకూ చట్టం వర్తిస్తుంది, కానీ నోటీసు అందడానికి ఆలస్యమవుతుంది. ఇక్కడి పిల్లలమీద నడిచే విషయాన్ని దానికోసం ఆపకండి.

కాగితంలో ఏం ఉండాలి

పెద్దవాళ్ళు ఉంటున్న, ఇంతకుముందు ఉన్న, లేదా పిల్లలున్న జిల్లాల్లో ఎక్కడైనా ఇవ్వవచ్చు. పెద్దవాళ్ళకు దగ్గరైనదే ఎంచుకోండి, వాయిదాలకు తిరగాల్సింది వాళ్ళే. ఫారం ఆర్డీవో ఆఫీసులో అడగండి.

పిల్లల డోర్ నంబరు, వీధి, పిన్‌కోడ్, ఫోన్, పనిచేసేచోటు రాయండి. "హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్" అని రాసిన చిరునామాకు పంపిన నోటీసు తిరిగొస్తుంది, అక్కడే నెలలు పోతాయి. వాళ్ళ ఆదాయం గురించి తెలిసినంత రాయండి.

"నాకు న్యాయం చేయగలరు" అని ముగిస్తే ఆర్డీవో ఏం ఉత్తర్వు ఇవ్వాలి? తిండి, బట్టలు, అద్దె, వైద్యం విడివిడిగా లెక్కేసి నెలకు ఇంత అని అడగండి. ట్రిబ్యునల్ ఇప్పించగలిగే గరిష్ఠ మొత్తం నెలకు 10,000 రూపాయలు. ఇంకో రెండు వాక్యాలు తప్పక చేర్చండి: విచారణ ముగిసేదాకా మధ్యంతర పోషణ ఇప్పించాలని, పోషణ దరఖాస్తు తేదీ నుంచే లెక్కించాలని. అడగకపోతే ఈ రెండూ చాలాసార్లు రావు.

ఆధార్, వయసు రుజువు, మందుల చీటీలు, బ్యాంకు పుస్తకం నకళ్ళు, ఆస్తి రాసిచ్చి ఉంటే ఆ దస్తావేజు నకలు జతచేయండి. అసలు కాగితాలు ఎవరికీ ఇవ్వకండి.

సోమవారం గ్రీవెన్సులోనో ప్రజావాణిలోనో ఇచ్చి ఊరుకుంటే అది మామూలు అర్జీగా తిరుగుతూ ఉండిపోవచ్చు. పైన "పోషణ ట్రిబ్యునల్, ఆర్డీవో గారికి" అని స్పష్టంగా రాసి, ఆఫీసులోనే ఇచ్చి, తేదీతో రసీదు తీసుకోండి.

ఆస్తి రాసిచ్చేసి ఉంటే

చట్టం అమల్లోకి వచ్చాక, చూసుకుంటారన్న షరతుతో దాన సెటిల్‌మెంట్ రాసిచ్చి, తర్వాత చూడకపోతే, 23వ సెక్షన్ కింద ఆ బదిలీని రద్దు చేయమని అడగవచ్చు. ఈ షరతు దస్తావేజులో ఉందా లేదా అన్నదే పెద్ద పేచీ. 2022లో సుప్రీంకోర్టు షరతు ఉండి తీరాలంది. 2025 జనవరిలో మరో కేసులో, చట్టం ఉద్దేశాన్ని చూసి ఉదారంగా చదవాలని, ఆస్తి తిరిగి స్వాధీనం చేయమని ఆదేశించే అధికారం ట్రిబ్యునల్‌కు ఉందని చెప్పింది. కాబట్టి దస్తావేజుతో పాటు అప్పుడే రాసుకున్న ఒప్పంద కాగితం, పెద్దమనుషుల సమక్షంలో రాసిన పత్రం ఏదున్నా జతచేయండి. ఇప్పుడు కొత్తగా రాసిచ్చేవాళ్ళయితే, "జీవితాంతం తిండి, వసతి, వైద్యం చూడాలి, లేకుంటే ఈ దస్తావేజు రద్దు" అన్న వాక్యం లేకుండా సంతకం పెట్టవద్దు. వీలునామా మాత్రమే రాసి ఉంటే ఈ తిప్పలు లేవు, బతికుండగా ఎప్పుడైనా మార్చుకోవచ్చు.

ఇచ్చిన తర్వాత

ట్రిబ్యునల్ మొదట ఈ విషయాన్ని రాజీ అధికారి దగ్గరికి పంపవచ్చు, దానికి గడువు నెల. అక్కడ "ఇకనుంచి బాగా చూసుకుంటాను" అన్న మాటకు కరిగిపోయి దరఖాస్తు వెనక్కి తీసుకునే తల్లులు ఎందరో. రాజీ పడటం తప్పు కాదు. కానీ నెలకు ఎంత, ఏ తేదీకి, ఏ ఖాతాలో అన్నది రాతపూర్వకంగా ఉండి, దానిమీద ట్రిబ్యునల్ ఉత్తర్వు రావాలి.

నోటీసు అందిన నాటినుంచి 90 రోజుల్లో మధ్యంతర పోషణ, కేసు ఖర్చుల సంగతి తేల్చాలి. ప్రత్యేక కారణాలుంటే ఒక్కసారి మరో 30 రోజులు పొడిగించవచ్చు. సాయం కావాలంటే 15100కు ఫోన్ చేసి న్యాయసేవల సంస్థను అడగండి, ఆడవాళ్ళకు ఆదాయంతో పనిలేకుండా ఉచితం. ఉత్తర్వు నకలు కూడా ఉచితమే. నచ్చకపోతే 60 రోజుల్లో కలెక్టర్‌కు అప్పీలు.

ఉత్తర్వు వచ్చిన 30 రోజుల్లో పిల్లలు డబ్బు కట్టాలి. కట్టకపోతే వారెంటు, నెల వరకు జైలు కూడా ఉంటాయి, కానీ వాటంతట అవి రావు. బాకీ పడిన తేదీనుంచి మూడు నెలల్లోపు మళ్ళీ దరఖాస్తు పెట్టాలి, ఆ గడువు దాటిన నెలలకు వారెంటు ఇవ్వరు. అందుకే ప్రతి నెలా పాస్‌బుక్‌లో ఎంట్రీలు వేయించండి. ఒక్క నెల ఆగినా ఆ తేదీ రాసిపెట్టుకుని, మూడో నెల రాకముందే ఆర్డీవో ఆఫీసుకు వెళ్ళండి.