కందిరీగ వెంట పడకండి, పువ్వు దగ్గర కూర్చోండి

కందిరీగకి మంచి మాక్రో ఫొటో (బాగా దగ్గర్నుంచి పెద్దగా తీసేది) తీయాలంటే ముందు పువ్వుని ఎంచుకోవాలి. చాలా కందిరీగల నాలుక పొట్టిది, గొట్టంలాంటి పూల అడుగున ఉన్న తేనె వాటికి అందదు. కొత్తిమీర, సోంపు లాంటి మొక్కల పూత గొడుగులా విచ్చుకుని ఉంటుంది కాబట్టి అక్కడికి బాగా వస్తాయి. వెనకాల ఆకుల గజిబిజి లేని గుత్తి ఒకటి చూసుకుని కూర్చోండి. వాలిన పురుగు ఒక్కో పువ్వూ తిరుగుతూ తాగుతుంది, మనకి టైమ్ దొరుకుతుంది. వెంట పడితే దక్కేది దాని వీపే. మన నీడ మాత్రం గుత్తి మీద పడకూడదు, పడిందంటే లేచిపోతుంది. పొద్దున్నే అయితే ఇంకా మేలు, ఒళ్లు వేడెక్కేదాకా మందకొడిగా ఉంటాయి.

నేను వాడేది 100 ఎంఎం మాక్రో లెన్స్. మాన్యువల్ మోడ్‌లో ఎఫ్/11 (లెన్స్ రంధ్రం కొలత, అంకె పెరిగితే రంధ్రం చిన్నదవుతుంది), షట్టర్ 1/200, ఐఎస్ఓ 200, పైన ఫ్లాష్. పురుగు అసలు సైజులో సెన్సర్ మీద పడేంత దగ్గరికి వెళ్తే, ఎఫ్/11లో కూడా ఫోకస్‌లో ఉండేది మిల్లీమీటరు పైన కొంచెమే. అలాగని ఎఫ్/22కి పోతే డిఫ్రాక్షన్ (చిన్న రంధ్రం దగ్గర వెలుగు చెదరడం) వల్ల ఫొటో మొత్తం మెత్తబడుతుంది. అంతకంటే ఆ మిల్లీమీటరుని కంటి మీద పెట్టడం నయం. కాలు మసకైనా, రెక్క మసకైనా పర్లేదు, కన్ను మసకైతే ఆ ఫొటో డిలీట్ చేయడమే.

ఆటోఫోకస్ ఆపేయండి. ఎడమ చేత్తో పువ్వు కాడ పట్టుకుని, అదే చేతి మీద లెన్స్ ఆనించండి. గాలికి పువ్వూ కెమెరా కలిసే ఊగుతాయి. ట్రైపాడ్ ఈ పని చేయలేదు, అందుకే నేను దాన్ని మోయను. తర్వాత ఒళ్లు కొద్దిగా ముందుకీ వెనక్కీ ఊపుతూ, కన్ను స్పష్టంగా కనిపించిన క్షణంలో నొక్కండి.

కందిరీగ ఒళ్లు నున్నగా మెరుస్తుంది. ఫ్లాష్ నేరుగా కొడితే తెల్లటి మచ్చలు పడతాయి. పల్చటి తెల్ల ఫోమ్ షీటుని వంచి, ఫ్లాష్ వెలుగు దానిలోంచి వచ్చేలా లెన్స్ ముందు భాగం పైకి తెచ్చుకోండి. ఇదే డిఫ్యూజర్, ఇది పురుగుకి ఎంత దగ్గరగా ఉంటే వెలుగు అంత మృదువుగా పడుతుంది.

కుడుతుందని టెన్షన్ వద్దు. తేనె తాగే కందిరీగ, నలిపితే తప్ప, సాధారణంగా మన జోలికి రాదు. మగవాటికి అసలు కొండే ఉండదు. గూడు దగ్గర సంగతి వేరు, మాక్రో లెన్స్‌తో అటు వెళ్లకండి. కుడితే ఎలర్జీ వచ్చేవాళ్లు పువ్వుల దగ్గర కూడా ఈ సాహసం చేయొద్దు.

మొదట్లో హోవర్ ఫ్లైల (పూల మీద వాలే ఒక రకం ఈగలు) మీద ప్రాక్టీస్ చేయండి. చాలావాటికి కందిరీగలాగే పసుపు, నలుపు చారలుంటాయి, కుట్టవు. తేడా తెలియాలంటే రెక్కలు లెక్కపెట్టమంటారు, ఈగకి రెండే ఉంటాయి గనక. కానీ కందిరీగ నాలుగు రెక్కలూ చిన్న కొక్కేలతో జతపడి రెండులా కనిపిస్తాయి. మీసాలు చూడండి, ఈగవి పొట్టిగా ఉంటాయి.