కారులో హామ్ రేడియో: పీటీటీ నొక్కగానే రిగ్ ఆగిపోతుంటే ముందు వోల్టేజ్ చూడండి

కారులో హామ్ రేడియో, అంటే లైసెన్సు తీసుకుని సరదాగా నడిపే రేడియో, పెట్టుకున్నవాళ్ల నుంచి నెలకు ఒక్కసారైనా ఇదే ఫోన్ వస్తుంది. (రిగ్ అంటే రేడియో సెట్, పీటీటీ అంటే మాట్లాడేటప్పుడు మైక్ మీద నొక్కి ఉంచే బటన్.) "అన్నా, కారులో రిగ్ పోయినట్టుంది, రిసీవ్ బాగానే ఉంది, పీటీటీ నొక్కితే ఆగిపోతోంది, ఎక్కడ బాగుచేయిస్తారు?" అని. నేను అడిగేదీ ప్రతిసారీ ఒక్కటే: పీటీటీ నొక్కి ఉంచినప్పుడు రిగ్ వెనకాల వోల్టేజ్ ఎంత ఉంది? దీనికి జవాబు చెప్పినవాళ్లు ఇప్పటిదాకా ఇద్దరో ముగ్గురో. బ్యాటరీ దగ్గర 12.6 ఉందంటారు, రిగ్ ఆన్ చేయగానే డిస్‌ప్లేలో 12.4 చూపించిందంటారు. ట్రాన్స్‌మిట్ చేస్తుండగా మాత్రం ఎవరూ కొలవరు. ఇది రాయడానికి కారణం అదే.

లైసెన్సు ఉంది, రిగ్ నడపడం వచ్చు, మల్టీమీటర్ పట్టుకోవడం వచ్చు అనుకునే రాస్తున్నాను. 144-146 మెగాహెర్ట్జ్‌లో వాడే 50 వాట్ల ఎఫ్ఎం మొబైల్ రిగ్‌ను దృష్టిలో పెట్టుకున్నాను, మిగతావాటికీ సూత్రం ఇదే.

రిగ్ అసలు ఆన్ కావడం లేదు

ఫ్యూజ్. చాలా రిగ్‌ల పవర్ కార్డ్‌లో ప్లస్ వైరుకొకటి, మైనస్ వైరుకొకటి, రెండు ఫ్యూజులు ఉంటాయి. ఎర్రదాన్ని చూసి నల్లదాన్ని వదిలేస్తారు. కంటితో చూసి బాగుందనుకోకండి, బయటికి తీసి మీటర్‌తో చూడండి. అలాగే ప్లస్, మైనస్ తారుమారయ్యాయేమో చూడండి. కొత్త ఫ్యూజ్ వేయగానే మళ్లీ పోతుంటే ఇంకోటి వేయకండి, రాగి తీగ అయితే అసలే చుట్టకండి. ఫైర్‌వాల్ (ఇంజిన్‌కూ లోపలి సీట్లకూ మధ్య ఉండే రేకు గోడ) రంధ్రంలోనో సీటు పట్టాల కిందో వైరు ఒరుసుకుపోయి ఉంటుంది, అది దొరికేదాకా వెతకండి.

రిసీవ్ బాగుంది, ట్రాన్స్‌మిట్ చేస్తే రిగ్ రీసెట్ అవుతోంది, లేదా మాట ముక్కలు ముక్కలుగా వెళ్తోంది

నన్ను బాగా దెబ్బతీసింది ఇదే, కాబట్టి నిదానంగా చెప్తాను.

కొన్నేళ్ల క్రితం నా కారులో రిగ్ పెట్టుకుని రెండు నెలలు హాయిగా తిరిగాను. హైదరాబాద్ నుంచి విజయవాడ దాకా దారి పొడవునా మాట్లాడుకుంటూ వెళ్లేవాణ్ని, ఒక్క ఇబ్బంది లేదు. ఒకరోజు దారిలో ఆపి, ఇంజిన్ కట్టేసి, చెట్టు నీడలో కూర్చుని మాట్లాడుతుంటే అవతలివాళ్లు "మీ ఆడియో తెగిపోతోంది" అన్నారు. మైక్ మార్చాను. మర్నాడు కోయాక్స్ (యాంటెన్నా కేబుల్) మార్చాను. ఆ వారమే యాంటెన్నా కూడా కొత్తది కొన్నాను. తిరిగితే బాగుంటుంది, ఆపితే తెగుతుంది, ఒక్కోసారి ఆపినా మొదటి రెండు నిమిషాలు బాగానే ఉంటుంది. చివరికి రిగ్ విప్పి ఒక రిపేర్ షాపులో ఇస్తే పది రోజులు ఉంచుకుని, ఫైనల్ స్టేజ్ (యాంటెన్నాకు పవర్ ఇచ్చే చివరి భాగం) బలహీనంగా ఉందని చెప్పి డబ్బులు తీసుకున్నారు. తెచ్చి బిగిస్తే మళ్లీ అదే కథ. ఒకరోజు బానెట్ ఎత్తి, బ్యాటరీ పక్కన నేను పెట్టిన ఫ్యూజ్ హోల్డర్‌ను వైరు సర్దుదామని పట్టుకుంటే వేలు చురుక్కుమంది. పది నిమిషాల ముందే మాట్లాడి ఆపాను, ఇంకా అంత వేడిగా ఉంది. విప్పితే లోపల స్ప్రింగ్ నల్లబడి ఉంది, గాజు ఫ్యూజ్ మూతలు నీలంగా మారాయి. ఫ్యూజ్ మాత్రం పోలేదు, మీటర్ పెడితే బీప్ అని చక్కగా మోగింది కూడా.

ఏం జరుగుతుందో లెక్క వేసి చూడండి. 50 వాట్ల రిగ్ రిసీవ్‌లో అర ఆంపియరు తీసుకుంటుంది, ట్రాన్స్‌మిట్‌లో 8 నుంచి 13 ఆంపియర్ల దాకా లాగుతుంది. 10 అనుకుందాం. ఆ స్ప్రింగ్ హోల్డర్‌లో నిరోధం 0.15 ఓమ్ ఉన్నా చాలు, మామూలు మీటర్ దాన్ని సున్నా కిందే చూపిస్తుంది. రిసీవ్‌లో అక్కడ పోయేది 0.075 వోల్ట్, ఎవరికీ తెలియదు. పీటీటీ నొక్కగానే 1.5 వోల్టులు పోతాయి. ఆ 1.5 వోల్టులను 10 ఆంపియర్లతో గుణిస్తే 15 వాట్ల వేడి, చిటికెన వేలంత హోల్డర్‌లో. వేడెక్కిన కొద్దీ స్ప్రింగ్ పట్టు వదులుతుంది, నిరోధం ఇంకా పెరుగుతుంది. రెండు నిమిషాలు బాగుండి తర్వాత తెగడం అందుకే.

తిరిగేటప్పుడు బాగుండి ఆపితే తెగడానికి కారణం కూడా ఇక్కడే ఉంది. ఇంజిన్ నడుస్తుంటే ఆల్టర్నేటర్ 14 వోల్టుల పైన ఇస్తుంది, అందులో హోల్డర్‌లోనూ వైర్లలోనూ కలిపి రెండు పోయినా 12 మిగులుతుంది, రిగ్ సర్దుకుంటుంది. ఇంజిన్ ఆపితే బ్యాటరీ 12.4, అందులో రెండు పోతే 10.4. మొబైల్ రిగ్‌లు చాలావరకు 13.8 వోల్టులకు 15 శాతం అటూ ఇటూ అని తయారవుతాయి, అంటే అడుగు హద్దు 11.7. దానికన్నా కిందికి పోయిన రిగ్ ఎలా ప్రవర్తిస్తుందో చెప్పలేం. ఒకటి రీసెట్ అవుతుంది, ఒకటి పవర్ తగ్గించుకుంటుంది, ఇంకోటి మాటను చెడగొడుతుంది. ఇక్కడ నాకు బాధ కలిగించే విషయం ఏమిటంటే, తుపాను రోజుల్లో కారు ఆపి, ఇంజిన్ కట్టేసి, డీజిల్ మిగుల్చుకుంటూ కూర్చుని మాట్లాడాల్సిన సమయంలోనే ఈ లోపం బయటపడుతుంది. రోజూ తిరిగేటప్పుడు పడదు.

ఎలా పట్టుకోవాలంటే, ముందు యాంటెన్నా తీసి డమ్మీ లోడ్ (యాంటెన్నా బదులు పవర్‌ను వేడిగా మార్చి మింగేసే నిరోధం) పెట్టండి. లో పవర్‌లో, 5 వాట్లలో, పీటీటీ నొక్కండి, తర్వాత హై పవర్‌లో నొక్కండి. డమ్మీ లోడ్ మీద కూడా లో పవర్‌లో బాగుండి హై పవర్‌లో తెగితే యాంటెన్నా తప్పు కాదు, దాదాపు ఖాయంగా కరెంటు దారిదే. డమ్మీ లోడ్ మీద బాగుండి యాంటెన్నా పెడితే తెగితే కింద యాంటెన్నా భాగానికి వెళ్లండి. ఈ రెండు నిమిషాల పని చేయకుండా రిగ్ విప్పకండి.

తర్వాత ఇంకొకరిని పీటీటీ పట్టుకోమని, మీరు మీటర్‌ను 20 వోల్టుల డీసీ మీద పెట్టి, రిగ్ వెనక కనెక్టర్ పిన్నుల మీద కొలవండి. అక్కడా బ్యాటరీ దగ్గరా ఒకేసారి లోడ్ మీద ఎంతెంత ఉందో చూడండి. తేడా అర వోల్టు లోపు ఉంటే మంచిది. ఒక వోల్టు దాటితే దొంగ దారిలోనే ఉన్నాడు. వాణ్ని పట్టడానికి మీటర్ ఒక ప్రోబ్‌ను బ్యాటరీ ప్లస్ పోస్ట్ మీద పెట్టండి, బిగించిన క్లాంప్ మీద కాదు, సీసం పోస్ట్ మీదే. రెండో ప్రోబ్‌ను, పొడవు చాలకపోతే వైరు కలిపి, రిగ్ ప్లస్ పిన్ను మీద పెట్టి పీటీటీ నొక్కించండి. మీటర్‌లో కనిపించే అంకె ప్లస్ వైపు పోయే వోల్టేజ్. మైనస్ వైపూ ఇలాగే. ఏ వైపు ఎక్కువుందో తెలిసింది కదా, ఆ వైపు ఒక్కో జాయింటుకు అటూ ఇటూ ప్రోబ్‌లు పెట్టుకుంటూ పోండి: క్లాంప్, లగ్ (వైరు చివర నొక్కి బిగించే లోహపు ముక్క), ఫ్యూజ్ హోల్డర్, మధ్య జాయింటు, కనెక్టర్. ఒక హోల్డర్ మీద 0.1 వోల్ట్ దాటితే అది మారాల్సిందే. పోస్ట్‌కీ క్లాంప్‌కీ మధ్యే అర వోల్టు పోయిన కార్లు కూడా చూశాను. కాకినాడ, మచిలీపట్నం వైపు ఉప్పుగాలికి క్లాంప్ లోపల పచ్చగా చిలుము పడుతుంది, పైకి గ్రీజు మెరుస్తూ కనిపిస్తుంది.

వైరు సంగతి కూడా చూడండి. బ్యాటరీ నుంచి రిగ్‌కు 4 మీటర్లు అనుకుంటే పోనూ రానూ 8 మీటర్లు. 10 ఆంపియర్ల దగ్గర 1.5 స్క్వేర్ ఎంఎం రాగి వైరులో 0.9 వోల్ట్ పోతుంది, 2.5లో 0.55, 4లో 0.35, 6లో 0.23. ఇంట్లో లైట్ల పాయింట్లకు వాడిన 1.5 వైరు మిగిలిందని కారులో లాగేవాళ్లు ఎక్కువ. 4కు తక్కువ వద్దు, డిక్కీలో రిగ్ పెడితే 6 వేయండి. ఇంకో మోసం ఉంది. కార్ ఆడియో ఆంప్లిఫయర్ కిట్లలో వచ్చే లావాటి వైరు చాలావాటిలో అల్యూమినియం మీద రాగి పూత మాత్రమే. ఒక పోగు తీసి బ్లేడుతో గీకండి, లోపల తెల్లగా మెరిస్తే వదిలేయండి. అదే లావు రాగి వైరుకన్నా నిరోధం ఒకటిన్నర రెట్లకు పైన ఉంటుంది, క్రింప్ (నొక్కి బిగించిన జాయింటు) కూడా కాలంతో వదులవుతుంది.

సరిచేయడం కష్టమేమీ కాదు. స్ప్రింగు గాజు ఫ్యూజ్ హోల్డర్ తీసేసి, బ్లేడ్ ఫ్యూజ్ హోల్డర్ పెట్టండి. దాని తోక వైరు మీ ప్రధాన వైరంత లావు ఉండాలి. పైన 30 ఆంపియర్లు అని ముద్రించి సన్నని వైరు తగిలించినవి బజారులో బోలెడు, అవి వద్దు. ఫ్యూజ్ విలువ రిగ్ పుస్తకంలో ఉన్నదే. బ్యాటరీకి జానెడు దూరం లోపే పెట్టండి, దూరంగా పెడితే మధ్య వైరుకు రక్షణ లేదు. లగ్‌ను సరైన క్రింపింగ్ టూల్‌తో నొక్కండి, కటింగ్ ప్లేయర్‌తో కాదు. వైర్లు మెలిపెట్టి టేపు చుట్టిన జాయింటు ఒక్కటి కూడా ఉంచకండి, మన ఎండకు టేపు జిగురు కారి ఊడిపోతుంది. లగ్ మీద, పోస్ట్ మీద బిగించాక పెట్రోలియం జెల్లీ పల్చగా రాయండి. ఆ పని అయ్యాక మళ్లీ పీటీటీ నొక్కి కొలవండి. కొలవకుండా బానెట్ మూయకండి.

మైనస్ వైరు గురించి ఒక మాట. బ్యాటరీ నెగటివ్ క్లాంప్ మీద చిన్న సెన్సర్ డబ్బా ఉన్న కార్లలో, అంటే స్టార్ట్-స్టాప్ లాంటివి ఉన్నవాటిలో, మీ మైనస్‌ను నేరుగా పోస్ట్‌కు కాకుండా, బ్యాటరీ ఎర్త్ కేబుల్ బాడీకి బిగించిన బోల్టు దగ్గర కలపండి. లేకపోతే రిగ్ వాడిన కరెంటు కారు లెక్కలోకి రాదు. సీటు కింద కనిపించిన ఏదో బోల్టుకు ఎర్త్ ఇవ్వడం మాత్రం ఎప్పుడూ వద్దు, పెయింటు మీద బోల్టు బిగించి బాడీ ఎర్త్ వచ్చిందనుకుంటాం. సిగరెట్ లైటర్ సాకెట్ నుంచి 50 వాట్ల రిగ్ నడపాలనే ఆలోచన కూడా మానేయండి, చేతిలో పట్టుకునే చిన్న సెట్ ఛార్జింగ్‌కు అది సరిపోతుంది, దీనికి సరిపోదు.

రిసీవ్‌లో గోల

ముందు యూఎస్‌బీ ఛార్జర్, డ్యాష్‌క్యామ్ పీకండి. వైరు కాదు, ఛార్జర్‌నే సాకెట్ నుంచి తీయండి. నేను చూసినవాటిలో సగానికి పైన ఇక్కడే తేలిపోయాయి. చవక ఛార్జర్ 12 వోల్టులను 5 చేసేటప్పుడు పుట్టించే గోల వీహెచ్ఎఫ్ (మన 144-146 ఉండే ఫ్రీక్వెన్సీలు) దాకా పాకుతుంది. తర్వాత ఎల్ఈడీ లైట్లు.

ఇంజిన్ వేగంతో పాటు పెరిగే ఈల అయితే ఆల్టర్నేటర్ వైపు నుంచి. రిగ్‌ను నేరుగా బ్యాటరీకి కలిపి, పై భాగంలో చెప్పిన జాయింట్లన్నీ సరిచేస్తే మామూలుగా పోతుంది, ఫిల్టర్ కొనాల్సిన పని ఎప్పుడో గానీ రాదు. ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీ మీద మీటర్‌ను ఏసీలో పెడితే అర వోల్టు దాటి చూపిస్తే ఆల్టర్నేటర్ డయోడ్ పోతోంది, అది మెకానిక్ పని.

ఎస్‌డబ్ల్యూఆర్ ఎక్కువ

ఎస్‌డబ్ల్యూఆర్ అంటే పంపిన పవర్ యాంటెన్నా నుంచి ఎంత వెనక్కి వస్తోందో చెప్పే అంకె, 1 కి దగ్గరగా ఉంటే మంచిది. కోయాక్స్ తలుపులో నలిగిందా చూడండి. డిక్కీ అంచుకు బిగించే మౌంట్ అయితే దాని చిన్న స్క్రూలు పెయింటును తెంచుకుని ఇనుము దాకా దిగాలి. పెయింటు పాడవుతుందని వదులుగా పెడితే యాంటెన్నాకు కింద గ్రౌండ్ లేనట్టే. మ్యాగ్నెట్ మౌంట్ అయితే పైకప్పు మధ్యలో పెట్టండి. సన్‌రూఫ్ అద్దం అంచున పెట్టి రీడింగ్ చూడకండి. పావు తరంగం విప్ (యాంటెన్నా కడ్డీ) 145 మెగాహెర్ట్జ్‌కు దాదాపు 49 సెంటీమీటర్లు, టేపుతో కొలిస్తే సగం అనుమానాలు తీరతాయి. 1.5 లోపు వస్తే చాలు, 1.1 కోసం రోజంతా విప్ కోయకండి. వర్షం తర్వాతే పెరుగుతుంటే కనెక్టర్‌లో నీళ్లు దూరాయి, ఆ ముక్క కోసేసి కొత్త కనెక్టర్ వేయండి.

మిగతావి

ఐదు నిమిషాలు మాట్లాడాక పవర్ దానంతటదే పడిపోతే, వోల్టేజ్ బాగుంటే, అది వేడి. రామగుండం మే నెలలో సీటు కింద కార్పెట్ మీద పడేసిన రిగ్ ఇంకెలా ఉంటుంది? గాలి ఆడేలా బ్రాకెట్‌కు బిగించి మీడియం పవర్ వాడండి. తెల్లారేసరికి బ్యాటరీ దిగిపోతుంటే రిగ్ ఆపడం మరిచారేమో చూడండి, రిసీవ్‌లో తాగే అర ఆంపియరు 35 ఏహెచ్ (ఆంపియర్-అవర్) బ్యాటరీని మూడు రోజుల్లో ఖాళీ చేస్తుంది. పాత బ్యాటరీ అయితే ఒక్క రాత్రి చాలు. ఆటో పవర్ ఆఫ్ పెట్టుకోండి. పీటీటీ నొక్కితే డ్యాష్‌బోర్డులో లైట్లు వెలగడం చాలా అరుదు, కోయాక్స్‌ను కారు వైరింగ్ కట్ట నుంచి దూరంగా లాగి కేబుల్‌కు ఒక ఫెర్రైట్ (రేడియో గోలను అడ్డుకునే రింగు) తగిలిస్తే పోతుంది.

రిగ్‌ను రిపేరుకు పంపాల్సి వస్తే, ఒకసారి ఇంట్లో టేబుల్ మీద మంచి 13.8 వోల్టుల పవర్ సప్లైకీ డమ్మీ లోడ్‌కూ పెట్టి హై పవర్‌లో అర నిమిషం పీటీటీ నొక్కి చూడండి. అక్కడ బాగుంటే రిగ్‌లో తప్పు లేదు, బానెట్ ఎత్తండి.