ఖాళీ ఫైలు కనిపిస్తే కంట్రోల్ ఎస్ జోలికి పోవద్దు

పోయిన మంగళవారం సాయంత్రం గాలిదుమారం లేచి, మా వైపు కరెంటు మూడుసార్లు పోయి వచ్చింది. నాకు తెలిసిన ఒకావిడ వాళ్ళ తాతగారి చేతిరాత డైరీలను నాలుగు నెలలుగా నోట్‌ప్యాడ్ ప్లస్‌ప్లస్ అనే ఎడిటర్‌లో టైపు చేస్తున్నారు. సేవ్ నొక్కడం, కరెంటు పోవడం ఒకేసారి జరిగాయి. తిరిగొచ్చాక ఫైలు తెరిస్తే తెల్లటి తెర. ఫోల్డరు ఫొటో తీసి నాకు వాట్సాప్‌లో పంపారు. అసలు ఫైలు 0 కేబీ. దాని పక్కనే, చివర డాట్ బ్యాక్ అని ఉన్న ఇంకో ఫైలు, 412 కేబీ. అంటే డైరీలన్నీ అక్కడ ఉన్నాయి.

నేను బస్సులో ఉన్నాను. ఫొటో చూసేసరికి నలభై నిమిషాలైంది. ఈలోగా ఆవిడ ఊరుకోలేక ఆ ఖాళీ ఫైల్లో డైరీ పేరు టైపు చేసి, పనిచేస్తోందో లేదో చూద్దామని సేవ్ కొట్టారు. సేవ్ చేసే ముందు పాత ఫైలును పక్కన పెట్టడం ఆ ఎడిటర్‌కి అప్పజెప్పిన పని. పాపం అది తన పని చేసింది. 0 కేబీ ఫైలును తీసుకెళ్ళి 412 కేబీ ఫైలు మీద పెట్టింది.

ఇందులో నా వాటా కూడా ఉంది. ఆ బ్యాకప్ సెట్టింగు పెట్టిచ్చింది నేనే. 'సింపుల్' అని పెట్టాను. దానికి ఒక్క పాత కాపీయే ఉంటుంది, ప్రతి సేవ్‌కీ అది మారిపోతుంది. 'వెర్బోస్' పెట్టి ఉంటే సేవ్ కొట్టినప్పుడల్లా తేదీ, టైముతో విడి ఫైలు పడేది. డిస్కు నిండిపోతుందని పిసినారితనం చేశాను. నాలుగొందల కేబీ దగ్గర!

రోహిణి కార్తె వచ్చేసింది. తొలకరి పడేదాకా ఈ ఈదురుగాలులు తప్పవు. యూపీఎస్ కొనుక్కోండి, ల్యాప్‌టాప్ ఛార్జింగ్ చూసుకోండి అని చెప్పడానికి ఇది రాయడం లేదు, అవి మీకు తెలుసు. కరెంటు పోయినప్పుడు నష్టపోయినవాళ్ళకంటే, వచ్చాక తొందరపడి నష్టపోయినవాళ్ళనే నేను ఎక్కువమందిని చూశాను. వాళ్ళందరూ చేసింది ఒకటే. పాడైన ఫైలు మీద మళ్ళీ సేవ్ కొట్టారు.

అసలు సేవ్ అంటే ఏం జరుగుతుందో చూడండి. మొదటి పద్ధతిలో ఎడిటర్ పాత ఫైలును సున్నాకి కోసేసి, అదే చోట కొత్త పాఠం రాయడం మొదలుపెడుతుంది. ఉన్న ఇంటి కప్పు పీకేసి కొత్త కప్పు వేయడం లాంటిది. మధ్యలో వాన వస్తే ఇంట్లో అంతా తడవాల్సిందే. కరెంటు పోయినా, డిస్కులో చోటు అయిపోయినా, ప్రోగ్రాము కూలినా ఆ సందులోనే దెబ్బ తగులుతుంది. రెండో పద్ధతిలో పక్క స్థలంలో వేరే పేరుతో కొత్త ఫైలు కట్టేసి, అంతా పూర్తయ్యాక పేరు మారుస్తుంది. లినక్స్‌లో ఒకే ఫైల్‌సిస్టమ్ (డిస్కులో ఫైళ్ళను అమర్చే ఏర్పాటు) లోపల ఈ పేరు మార్పు జరిగితే మొత్తం జరుగుతుంది, లేకపోతే అసలు జరగదు. పాతిల్లు కూలగొట్టేది కొత్తింట్లోకి సామాను చేరాకే.

కానీ సామాను నిజంగా చేరిందా అన్నది ఇంకో ప్రశ్న. పేరు మారింది గానీ అక్షరాలు ఇంకా మెమరీలోనే ఉండిపోవచ్చు. 2009లో లినక్స్‌లో ఎక్స్‌ట్4 అనే ఫైల్‌సిస్టమ్ కొత్తగా వాడుకలోకి వస్తున్నప్పుడు దీని మీద పెద్ద రగడే అయింది. రాతను వీలైనంత ఆలస్యం చేసే పద్ధతి వల్ల, సిస్టమ్ హఠాత్తుగా ఆగితే సెట్టింగుల ఫైళ్ళు సున్నా బైట్లతో మిగిలాయి. తప్పు ఫైల్‌సిస్టమ్‌దా, ఎఫ్‌సింక్ (ఇప్పుడే డిస్కు మీద రాయి అనే ఆదేశం) పిలవని ప్రోగ్రాములదా అని వాదించుకుని, చివరికి లినక్స్ గుండెకాయ లాంటి కెర్నెల్‌లోనే జాగ్రత్తలు పెట్టారు. విండోస్‌లో ఇదే జబ్బు ఇంకో వేషంలో వస్తుంది. ఫైలు సైజు సరిగ్గానే ఉంటుంది, తెరిస్తే వరసగా ఎన్‌యూఎల్ అని నల్లటి పెట్టెలు. సైజు చూసి మోసపోకండి.

మరి అన్ని ఎడిటర్లూ రెండో పద్ధతే వాడొచ్చుగా? వాడితే వేరే చిక్కులు. పేరు మార్చి పెట్టింది కొత్త ఫైలు కాబట్టి హార్డ్ లింకులు (అదే ఫైలుకున్న ఇంకో పేర్లు) తెగిపోతాయి, ఓనరూ పర్మిషన్లూ మారొచ్చు, ప్రోగ్రాములను కంటైనర్లనే విడి పెట్టెల్లో నడిపే డాకర్‌లోకి ఆ ఒక్క ఫైలునే మౌంట్ చేసి ఉంటే కంటైనర్ పాతదాన్నే చూస్తూ కూర్చుంటుంది. అందుకే ఎడిటర్‌కో తీరు. మీది ఏ తీరో తెలియనంతవరకు మొదటి పద్ధతే అనుకోండి.

టెర్మినల్‌లో, అంటే ఆదేశాలు టైపు చేసే కిటికీలో, నడిచే విమ్ ఎడిటర్ వాడేవాళ్ళకి. మామూలు సెట్టింగుల్లో విమ్ రాసే ముందు బ్యాకప్ తీసి, రాత సక్రమంగా ముగియగానే దాన్ని చెరిపేస్తుంది. నిన్నటి కాపీ ఉంటుందని ఆశపడకండి. మిమ్మల్ని కాపాడేది స్వాప్ ఫైలు, అంటే సేవ్ చేయని మార్పులను విమ్ విడిగా రాసుకునే ఫైలు. 200 అక్షరాలకో, 4 సెకన్లు చేతులు ఆపినప్పుడో అది తాజా అవుతుంది. కూలిపోయాక తెరిస్తే ఈ325 అని పొడుగాటి హెచ్చరిక వస్తుంది. చాలామంది చదవకుండా 'ఎడిట్ ఎనీవే' నొక్కి పాత పాఠం మీదే పని మొదలుపెట్టి సేవ్ చేస్తారు, రేపు ఆ హెచ్చరిక మళ్ళీ వస్తే విసుగొచ్చి 'డిలీట్' నొక్కుతారు. పోయింది. ముందు ఆ ఫైలు వేరే టెర్మినల్‌లో తెరిచి ఉందేమో చూడండి. లేకపోతే 'రికవర్' నొక్కండి. వచ్చినదాన్ని వేరే పేరుతో రాయండి. రెండూ పోల్చుకున్నాకే స్వాప్ ఫైలు తీసేయండి.

ఈమాక్స్ అనే ఎడిటర్‌లో పేరు చివర ~ ఉన్నది, ఈసారి ఫైలు తెరిచాక చేసిన మొదటి సేవ్‌కి ముందటి కాపీ. అందుకే అదే విడతలో పదిసార్లు సేవ్ కొట్టినా ఆ కాపీ మారదు. మూసేసి మళ్ళీ తెరిచి సేవ్ కొడితే మారుతుంది. రెండువైపులా # ఉన్నది ఆటోసేవ్, 300 కీలకో, 30 సెకన్లు ఊరికే ఉన్నప్పుడో పడుతుంది. కూలిపోయాక తెరిస్తే ఆటోసేవ్ డేటా ఉంది, రికవర్ చేసుకోమని కింద ఒక్క వరసలో చెబుతుంది. అది చూడకుండా టైపు చేస్తూ పోతే తర్వాతి ఆటోసేవ్ అదే పేరు మీద పడుతుంది. నంబర్లు వేసే బ్యాకప్ పెట్టుకోండి.

వీఎస్ కోడ్ ఎడిటర్‌లో 2022 మార్చి వెర్షన్ నుంచి టైమ్‌లైన్‌లో లోకల్ హిస్టరీ అని ఉంది, సేవ్ చేసిన పాత రూపాలను ఫైలుకి 50 దాకా దాస్తుంది. అయితే 256 కేబీ దాటిన ఫైలుని దాయదు. ఇంగ్లిష్ కోడు రాసేవాళ్ళకి అది ఎక్కువే. అక్షరాలను బైట్లుగా దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో మన అక్షరానికీ, గుణింతపు గుర్తుకీ, పొల్లుకీ ఒక్కోదానికి 3 బైట్లు. ఆ లెక్కన 87 వేల గుర్తులతో హద్దు అయిపోతుంది. తాతగారి డైరీ అందులో పట్టేదే కాదు. సెట్టింగుల్లో ఆ హద్దు పెంచుకోండి, లేదా అధ్యాయానికో ఫైలు చేయండి. ఇక ఆటోసేవ్ ఆన్ చేసి, ఆలస్యం 1 సెకను పెట్టుకున్నవాళ్ళు ఒకటి గుర్తుంచుకోవాలి. నేను వద్దంటున్న ఆ రెండో సేవ్‌ని మీ తరఫున అదే కొట్టేస్తుంది.

నోట్‌ప్యాడ్ ప్లస్‌ప్లస్ 7 సెకన్లకోసారి దాచే కాపీ సేవ్ చేయని మార్పులకే. సేవ్ అయ్యిందనుకోగానే దాన్ని తీసేస్తుంది. ఆవిడకి అది అందుకే అక్కరకు రాలేదు.

ఇక మిగతావి, గుర్తొచ్చిన వరసలో.

తెరిచిన ఫైలు ఖాళీగా ఉంటే చెయ్యి కీబోర్డు మీంచి తీయండి. సేవ్ వద్దు. ఎన్‌కోడింగ్ (అక్షరాలను దాచే పద్ధతి) మార్చి చూద్దామనీ వద్దు.

పాఠం తెర మీద కనిపిస్తూ, సేవ్ మాత్రం కాను అంటుంటే ఎడిటర్ మూయకండి. డిస్కు నిండి ఉంటుంది. ఇంకో డ్రైవులోకి వేరే పేరుతో సేవ్ చేయండి. కుదరకపోతే మొత్తం కాపీ చేసి మెయిల్లో పేస్టు చేసుకోండి.

ఏ మరమ్మతుకైనా ముందు ఫోల్డరు మొత్తం, దాగి ఉన్న ఫైళ్ళతో సహా, వేరే చోటికి కాపీ చేయండి. తర్వాత ప్రయోగాలన్నీ కాపీ మీదే.

ఫోల్డరు గూగుల్ డ్రైవ్‌తోనో ఇంకోదాంతోనో కలిసి ఉంటే వెంటనే నెట్ ఆపండి. సింక్‌కి మంచీ చెడూ తెలియవు, ఖాళీ ఫైలునే పైకి మోస్తుంది. మోసేసి ఉంటే పాత వెర్షన్లు చూడండి. గూగుల్ డ్రైవ్ 30 రోజులు లేదా 100 వెర్షన్ల దాకా ఉంచుతుంది.

పెన్‌డ్రైవ్‌లోని ఫైలును అక్కడే తెరిచి దిద్దొద్దు.

పాత నోట్‌ప్యాడ్‌లో తెలుగును ఆన్సీగా, అంటే తెలుగు పట్టని పాత ఎన్‌కోడింగ్‌లో, సేవ్ చేయొద్దు. అక్షరాలు పోతాయని అది అడుగుతుంది, మనవాళ్ళు ఓకే నొక్కుతారు, అన్నీ ప్రశ్నార్థకాలవుతాయి. అవి మళ్ళీ అక్షరాలు కావు.

టెర్మినల్‌లో ఒక ఫైలుని చదివి > గుర్తుతో అదే ఫైల్లోకి పంపొద్దు. చదవక ముందే షెల్ (మీ ఆదేశాలను నడిపే ప్రోగ్రాము) దాన్ని ఖాళీ చేస్తుంది.

సర్వర్‌లో వెబ్ ఫోల్డరులో కూర్చుని పీహెచ్‌పీ ఫైళ్ళు (సర్వర్ నడిపే కోడు) దిద్దొద్దు. చివర ~ పడిన కాపీని సర్వర్ నడపదు, మామూలు పాఠంగా ఊరందరికీ చూపిస్తుంది, లోపల డేటాబేస్ పాస్‌వర్డుతో సహా.

లినక్స్‌లో ఎవరికి అడ్మిన్ అధికారమో రాసుండే సుడోయర్స్ ఫైలుని, దానికోసమే ఉన్న విసుడో ఆదేశంతో తప్ప తెరవొద్దు.

బ్యాకప్ ఫైలుని నేరుగా తెరిచి అందులోనే పని చేయొద్దు. కాపీ చేసి, కాపీ తెరవండి.

రెండో సేవ్ వద్దు. చెప్పాను, మళ్ళీ చెబుతున్నాను.

ఈ రాత్రే ఒక ఉత్తుత్తి ఫైలు తెరిచి రెండు పేరాలు కొట్టండి. సేవ్ చేయకుండా టాస్క్ మేనేజర్‌లోకి వెళ్ళి ఎడిటర్‌ని చంపండి. తిరిగి తెరిచి ఎంత వచ్చిందో, ఏ ఫోల్డరు నుంచి వచ్చిందో చూసి, ఆ ఫోల్డరు దారి కాగితం మీద రాసి మానిటర్‌కి అంటించండి.