పాత కాగితాలతో క్రిస్మస్ అలంకరణ: ఎక్కడ పాడవుతోంది, ఎలా సరిచేయాలి

డిసెంబరు వచ్చిందంటే నర్సాపురం, పాలకొల్లు, రాజోలు వైపు వెదురు గడలకు స్టార్లు ఎక్కుతాయి. పాత క్యాలెండర్లు, శుభలేఖలు, న్యూస్‌పేపర్లు ఉంటే స్టార్లయినా, చెట్టుకు కట్టే బంతులయినా ఇంట్లోనే చేసుకోవచ్చు. కొనాల్సింది మైదా, ఫెవికాల్, దారం. చాలామంది ఒకసారి చేసి, అది పాడైతే "మనకు చేతకాదు" అని వదిలేస్తారు. నిజానికి చేతిపనిలో లోపం తక్కువ. మన వైపు కాలువలు, చెరువులు, తెల్లవారుజాము మంచు కలిసి కాగితాన్ని ఆరనివ్వవు.

రాత్రి బిగుతుగా ఉన్న స్టార్ పొద్దున్నకి వాలిపోతోంది

న్యూస్‌పేపర్‌తో చేసి ఉంటారు. దానిలో నార పొట్టిగా ఉంటుంది, నీళ్లు పీల్చకుండా ఆపే పూత దాదాపు ఉండదు. ఆరుబయట కట్టే స్టార్‌కి క్యాలెండర్ షీట్లు, శుభలేఖల అట్టలే మేలు. న్యూస్‌పేపర్ తప్ప ఏమీ లేకపోతే రెండు పొరల మధ్య, ఒక్కో కొమ్ముకి ఒక కొబ్బరి ఈనె చొప్పున పెట్టి అతికించండి. రంగు పూర్తిగా ఆరాక పైన కొవ్వొత్తి రుద్దితే మంచు బొట్లు చాలావరకు జారిపోతాయి. ముందే రుద్దితే మైనం మీద రంగు పట్టదు. వీలైతే చూరు కిందే కట్టండి.

బెలూన్ మీద చేసిన బంతి చిట్లుతోంది, లేదా లోపల బూజు వాసన

ఎక్కువమంది విసిగిపోయేది ఇక్కడే. చిట్లడానికి కారణం తొందర. తడి కాగితం అంటించిన బెలూన్‌ని నేరుగా ఎండలో పెడితే లోపలి గాలి వేడెక్కి ఉబ్బుతుంది, పైపొర చీలుతుంది. రాత్రి చల్లబడి బెలూన్ ముడుచుకుంటే బంతి సొట్టపోతుంది. మొదటిరోజు ఫ్యాను కింద నీడలో ఆరబెట్టి, గట్టిపడ్డాకే ఎండలోకి తేవాలి.

బూజుకి కారణం ఒకేసారి ఐదారు పొరలు వేయడం. పైపొర ఆరి, లోపలిది తడిగానే ఉండిపోతుంది. రెండు పొరలు వేసి, ఆరాక మరో రెండు వేయండి. ఆరిందో లేదో కళ్లతో చూస్తే తెలియదు. బంతిని చెంపకి ఆనించి చూడండి. చల్లగా తగిలితే ఇంకా తడి ఉన్నట్టే. వేలితో కొడితే టకటకమని డొల్ల శబ్దం రావాలి. అప్పుడు బెలూన్ పగలగొట్టి తీసేసి, బెలూన్ మూతి ఉన్నచోట మిగిలే రంధ్రం మూయకుండా ఇంకో పూట వదిలేయండి. కోతల కాలంలో ధాన్యం ఆరబోసే ఎండే దీనికీ మంచిది. సాయంత్రం ధాన్యం మీద బరకం కప్పినట్టే, వీటినీ మంచు పడకముందే ఇంట్లో పెట్టేయాలి.

జిగురు పల్చగా ఉండాలి. గ్లాసు మైదాని ముందు కొంచెం చన్నీళ్లలో ఉండలు లేకుండా కలిపి, మరిగే 4 గ్లాసుల నీళ్లలో పోసి, నిగనిగలాడేదాకా సన్నమంట మీద తిప్పండి.

మడత పెట్టినచోట కాగితం పగులుతోంది

కాగితానికీ నార వాటం ఉంటుంది. అంచు దగ్గర చించి చూస్తే ఒకవైపు తిన్నగా చిరుగుతుంది, రెండోవైపు వంకరటింకరగా పోతుంది. తిన్నగా చిరిగిన వాటంలోనే మడత వేయాలి. మెరిసే క్యాలెండర్ కాగితమైతే పైపూత పగిలి తెల్లగీత పడుతుంది. అయిపోయిన రీఫిల్‌తో, స్కేలు ఆనించి ముందు గీత గీసి, తర్వాత మడవండి. ఈ ఒక్క పనితో స్టార్ కొమ్ములు కొన్నవాటిలా పదునుగా వస్తాయి. పిల్లలకి ముందు ఇదే నేర్పాలని నా అభిప్రాయం.

చీమలు, బొద్దింకలు పడుతున్నాయి

మైదా వాటికి తిండే. ఆరిన తర్వాత నీళ్లు కలిపిన ఫెవికాల్ పైన ఒక పూత వేయండి. మైలుతుత్తం కలపమని కొందరంటారు. పురుగు పట్టదు నిజమే, కానీ అది విషం. సండే స్కూల్ పిల్లలు చేతులు పెట్టే జిగురులో అసలు వద్దు.

రంగు వేసినా అక్షరాలు కనిపిస్తున్నాయి

సుద్దపొడి, ఫెవికాల్, కొంచెం నీళ్లు కలిపి ముందు తెల్లపూత వేయండి. ఇంట్లో మిగిలిన సున్నం వాడితే మాత్రం, దాని మీద పసుపునీళ్లు వేయకండి. పారాణి కలిపినట్టు ఎర్రబడిపోతుంది. పైగా పసుపు ఎండకి వెలిసిపోతుంది కాబట్టి బయట కట్టేవాటికి పోస్టర్ కలర్సే నయం.

క్రిస్మస్ చెట్టుగా పెట్టిన సరుగుడు కొమ్మ మీద బంతులు నిలవడం లేదు

సరుగుడు ఆకులు సన్నగా, జారుడుగా ఉంటాయి. చివర్లకి తగిలించకుండా, కాండానికి దగ్గరగా గట్టి రెమ్మకి దారం రెండు చుట్లు తిప్పి ముడేయండి. బరువైన బంతులు కింద, కాగితపు గొలుసులు పైన.

బల్బు దగ్గర కాగితం గోధుమరంగుకి మారుతోంది

ఇది కనిపించిన వెంటనే స్విచ్ ఆపేయండి. పాత 40 వాట్ల బల్బు వేడికి కాగితం మాడుతోంది, అంటుకునే ప్రమాదం ఉంది. 5 వాట్ల లోపు ఎల్‌ఈడీ పెట్టి, దానికీ కాగితానికీ నాలుగు వేళ్ల ఎడం ఉండేలా లోపల ఈనెలు అడ్డంగా కట్టండి. బయట వైరుకి అతుకులు లేకుండా చూడండి. అతుకు తప్పదంటే టేపు చుట్టి, మంచు తగలని చోట, చూరు లోపలికి వచ్చేలా పెట్టండి. పడుకునే ముందు స్విచ్ ఆపాల్సిందే.