మొదటి 200 బీఆర్‌ఎంకి ఏం తొక్కాలి, ఏం తినాలి

బీఆర్‌ఎం అంటే గడువు లోపల పూర్తిచేయాల్సిన దూరపు సైకిల్ రైడ్, పోటీ కాదు. నా మొదటి 200 కిలోమీటర్ల బీఆర్‌ఎం 13 గంటల 52 నిమిషాలకు పూర్తయింది. గడువు పదమూడున్నర గంటలే. అంటే తొక్కిందంతా తొక్కినట్టే గానీ లెక్కలోకి రాలేదు. ఆ ఇరవై రెండు నిమిషాలు ఎక్కడ పోయాయో నాకు బాగా తెలుసు. వికారాబాద్ నుంచి తిరిగొచ్చే దారిలో, 160 కిలోమీటర్లు దాటాక, ఒక మర్రిచెట్టు కింద. పొద్దున ఆరింటికి బయల్దేరిన దాన్ని, అప్పటిదాకా తిన్నది రెండు అరటిపళ్లు, నాలుగు బిస్కెట్లు, ఒక టీ. ఆకలి వేయలేదు కాబట్టి తినలేదు, అంతే. చేతులు వణికి బాటిల్ మూత కూడా రాలేదు. పక్కనే సీతాఫలాలు అమ్ముకుంటున్న పెద్దామె, "ఏమైంది బిడ్డా, అట్ల కూసున్నవ్?" అంటూ ఒక పండు చీల్చి చేతిలో పెట్టింది. మూడు తిన్నాను. అరగంటకి కాళ్లలో సత్తువ వచ్చింది.

అప్పటికి మూడు నెలలుగా ప్రాక్టీసు బాగానే చేశాను. తినడం మాత్రం ప్రాక్టీసు చేయలేదు.

ముందు తొక్కడం సంగతి. నాకు 43 ఏళ్లు, ఆఫీసు, ఇద్దరు పిల్లలు. వారానికి మూడు రైడ్లే కుదురుతాయి. ఆపకుండా 40 కిలోమీటర్లు తొక్కగలిగితే పన్నెండు వారాలు చాలు. మంగళవారం గంటసేపు తేలిగ్గా, పక్కవాళ్లతో కబుర్లు చెప్పగలిగేంత నెమ్మదిగా. గురువారం ఎనిమిది నిమిషాలు గట్టిగా, నాలుగు నిమిషాలు మెల్లగా, ఇలా నాలుగుసార్లు. దీనికి నేను హైదరాబాద్ ఓఆర్‌ఆర్ (ఔటర్ రింగ్ రోడ్డు) పక్కన 2023లో తెరిచిన సోలార్ కప్పు ట్రాక్‌కి వెళ్తాను. ట్రాఫిక్ టెన్షన్ ఉండదు. ఆదివారం లాంగ్ రైడ్. 50, 60, 70 ఇలా పెంచుతూ, ప్రతి నాలుగో వారం బాగా తగ్గించాలి. 200 కోసం ముందుగా 200 తొక్కక్కర్లేదు. 140 హాయిగా వచ్చిందంటే మిగతాది ఆ రోజు వస్తుంది. చివరి వారం పెద్దగా తొక్కకండి.

సగటున గంటకు 15 కిలోమీటర్లు వస్తే గడువు లోపలే ఉంటారు. కానీ పంక్చరు, టీ, కంట్రోల్ (దారిలో మన రాకను నమోదు చేసే చోటు) దగ్గర కార్డు మీద ముద్ర, అన్నీ ఆ పదమూడున్నర గంటల్లోనే. వేగం పెంచడం కంటే ఆగే సమయం తగ్గించుకోవడమే తేలిక. ఇంకో మాట: జూన్, జులైల్లో చేవెళ్ల వైపు వెళ్లేటప్పుడు గాలి ఎదురు కొడుతుంది. పోయేటప్పుడు ఏడిపించినా, వచ్చేటప్పుడు అదే తోస్తుంది.

ఇక తిండి. ఒంట్లో నిల్వ ఉండే గ్లైకోజెన్, అంటే కండరాలు, కాలేయం దాచుకున్న చక్కెర, గట్టిగా తొక్కితే రెండు మూడు గంటలకే అడుగంటుతుంది. ఒంట్లో కొవ్వుకి లోటు లేదు కదా అనుకోవద్దు, అది అంత త్వరగా శక్తినివ్వదు. అందుకే గంటకు 30 నుంచి 60 గ్రాముల పిండిపదార్థం పడాలి. ఒక మాదిరి అరటిపండులో సుమారు 25 గ్రాములు ఉంటుంది. అంటే గంటకు ఒక పండు, దానికి తోడు నాలుగైదు ఖర్జూరాలు. నేను వాచీలో అరగంటకోసారి అలారం పెట్టుకున్నాను. అది మోగితే ఆకలి ఉన్నా లేకున్నా నోట్లో ఏదో ఒకటి పడాల్సిందే. మొదటి గంట నుంచే.

రైడ్ రోజు నాలుగింటికి నాలుగు ఇడ్లీలు, చట్నీ కొంచెమే. జెర్సీ వెనక జేబుల్లో గింజ తీసిన ఖర్జూరాలు, బెల్లం ముక్కలు, పల్లీపట్టి. పల్లీలు మెల్లగా అరుగుతాయి కాబట్టి పట్టిని ఎత్తు ఎక్కే ముందు తినను. కంట్రోల్ దగ్గర పెరుగన్నం, ఆవకాయ నంజుకుని. ఉప్పు కూడా అందుతుంది. ఒకసారి 120 దగ్గర మిరపకాయ బజ్జీలు తిన్నాను. మిగతా ఎనభై కిలోమీటర్లు ఎలా తొక్కానో ఇక్కడ రాయలేను.

నీళ్లు దాహాన్ని బట్టి తాగండి. ఉత్త నీళ్లే అదేపనిగా తాగితే రక్తంలో సోడియం పడిపోతుంది, అదీ ప్రమాదమే. ఓఆర్‌ఎస్ పెద్ద ప్యాకెట్ లీటరు నీళ్లకి. మన బాటిల్ 750 మిల్లీలీటర్లు, కాబట్టి ముప్పావు వంతు పొడే వేయాలి. నేను ఇంట్లోనే కొలిచి చిన్న పొట్లాలు కట్టుకుంటాను. లీటరు ఓఆర్‌ఎస్‌లో గ్లూకోజు పదమూడున్నర గ్రాములే, దాన్ని తిండి కింద లెక్కేయకండి. షుగర్, బీపీ ఉన్నవాళ్లు ఈ లెక్కలన్నీ ముందు డాక్టర్‌కి చూపించాలి.

ఆ రోజు కొత్తది ఏదీ వద్దు. ఎనర్జీ జెల్ అయినా, సీటయినా, షార్ట్స్ అయినా ఆదివారం రైడ్లలోనే తేల్చుకోండి. ప్యాడ్ ఉన్న షార్ట్స్ లోపల ఇంకేమీ వేసుకోరు. ఇది నాకు ఎవరూ చెప్పలేదు, రాపిడితో తెలిసింది.

రెండోసారి 11 గంటల 40 నిమిషాలు పట్టింది. ప్రాక్టీసు పెంచింది లేదు, ఆ అలారమే. దారిలో ఆ మర్రిచెట్టు దగ్గర ఆగాను గానీ సీతాఫలాల కాలం అయిపోయింది, ఆమె లేదు.