బేస్‌బాల్ చలికాలపు ట్రేడ్ పుకార్లు: ప్రత్యర్థి టీమ్ బేరాల మీద పరువు పోకుండా వాదించడం ఎలా?

బేస్‌బాల్ ఏటి చివరి పోరు వరల్డ్ సిరీస్ అక్టోబరు చివర్లోనో నవంబరు మొదట్లోనో అయిపోతుంది. బంతి విసిరే పిచర్లు, దాన్ని పట్టే క్యాచర్లు అరిజోనా, ఫ్లోరిడా శిబిరాలకు చేరేది ఫిబ్రవరి మధ్యలో. ఆ మధ్యకాలంలో బంతి పడదు, ఏ టీమ్ ఎవరిని ఇచ్చి ఎవరిని తెచ్చుకుంటుందన్న మాటలే పడతాయి. నేను న్యూజెర్సీలో ఉండే న్యూయార్క్ యాంకీస్ మనిషిని, మా బావ బోస్టన్ పక్కన ఉండే బోస్టన్ రెడ్ సాక్స్ మనిషి, రెండూ పాత ప్రత్యర్థి టీమ్‌లు. పండక్కి కలిసినా, పేరంటానికి కలిసినా మా ఇద్దరి చుట్టూ పదిమంది చేరి ఇదే గొడవ. ఏటా వింటున్నాను కాబట్టి చెబుతున్నా: ఎక్కువమంది ఈ వాదనను మొదటి వాక్యంలోనే పాడు చేస్తారు. ఆటగాడి పేరు పట్టుకొని వాదిస్తారు తప్ప, ఆ పేరుకు కట్టిన ధర గురించి ఎవరూ మాట్లాడరు.

కావలసినవి

ఒక నోటుబుక్కు, ఒక పెన్ను. ఫోన్‌లో రాసుకోవద్దు, ఫోన్‌లో రాసింది రాత్రికి రాత్రి దిద్దుకోవచ్చు. గణాంకాలకు ఫ్యాన్‌గ్రాఫ్స్ గానీ బేస్‌బాల్ రిఫరెన్స్ గానీ, ఏదో ఒక వెబ్‌సైటే. పిచర్ల వార్ (ఆటగాడి మొత్తం విలువను ఒక్క అంకెలో చెప్పేది) లెక్క ఈ రెండూ వేర్వేరుగా కడతాయి కాబట్టి, నచ్చిన అంకె కోసం అటూ ఇటూ గెంతేవాళ్లతో వాదన తెగదు. నేను ఫ్యాన్‌గ్రాఫ్స్ వాడతాను, మీరూ అదే వాడండి. కాఫీ మీ ఇష్టం.

మొదటి మెట్టు: తేదీలు తెలుసుకోండి

ఇది తేలిక. నవంబరులో ఫ్రీ ఏజెంట్లు, అంటే కాంట్రాక్టు అయిపోయి ఏ టీమ్‌కైనా వెళ్లగలవాళ్లు, బయటికొస్తారు. డిసెంబరులో టీమ్‌ల పెద్దలంతా కలిసే వింటర్ మీటింగ్స్ జరుగుతాయి, 2023లో నాష్‌విల్‌లో, 2024లో డాలస్‌లో జరిగాయి. పుకార్లకు అసలైన సీజన్ ఆ వారమే. జనవరిలో ఆర్బిట్రేషన్‌కు (జీతం మీద మధ్యవర్తి తీర్పు) టీమ్, ఆటగాడు తమ జీతాల అంకెలు మార్చుకుంటారు. ఇంతకన్నా అక్కర్లేదు.

రెండో మెట్టు: పుకారును వడకట్టండి

ప్రతి పుకారూ నాలుగు దశల్లో ఏదో ఒక దశలో ఉంటుంది: ఆసక్తి ఉంది, మాటలు నడుస్తున్నాయి, ఒప్పందం కుదిరింది కానీ వైద్య పరీక్ష మిగిలింది, టీమ్ స్వయంగా ప్రకటించింది. నాలుగో దశ వచ్చేదాకా నోరు విప్పకూడదు. ఇది నా నియమం, మా ఇంట్లో చట్టం.

‘ఆసక్తి ఉంది’ అంటే ఏమీ లేదని అర్థం. మంచి ఆటగాడి మీద ముప్పై టీమ్‌లకూ ఆసక్తి ఉంటుంది. ‘పేరు బయటపెట్టని మరో టీమ్ కూడా రంగంలో ఉంది’ అని వినిపిస్తే, ఆ వార్త వల్ల ఎవరి ధర పెరుగుతుందో చూడండి. ఏజెంట్‌కు పనికొచ్చే పుకారు ఏజెంట్ దగ్గర్నుంచే వచ్చి ఉండొచ్చు.

2023 డిసెంబరు 8న అప్పటికి ఫ్రీ ఏజెంట్‌గా ఉన్న షొహెయ్ ఒహ్తానీ, టొరంటో టీమ్‌లో చేరడానికి అక్కడికి విమానం ఎక్కాడని వార్త వచ్చింది. దక్షిణ కాలిఫోర్నియా నుంచి వెళ్తున్న ఓ ప్రైవేటు జెట్‌ను జనం తెర మీద వెంబడించారు. టొరంటోలో దిగింది రాబర్ట్ హెర్జావెక్ అనే కెనడా వ్యాపారి. ఒహ్తానీ కాలిఫోర్నియా దాటనే లేదు, మర్నాడు లాస్ ఏంజిలెస్ డాడ్జర్స్‌కు వెళ్తున్నానని తనే ప్రకటించాడు.

మూడో దశ ఇంకా మోసం. పెళ్లిచూపుల్లో తల ఊపినంత మాత్రాన పీటల మీద కూర్చున్నట్టు కాదు కదా. 2022 డిసెంబరులో కార్లోస్ కొరెయాకు శాన్ ఫ్రాన్సిస్కో జయంట్స్ 13 ఏళ్లకు 35 కోట్ల డాలర్లు ఇస్తామన్నారు. వైద్య పరీక్షలో కాలి దగ్గర అనుమానం వచ్చి ఆగిపోయింది. వెంటనే న్యూయార్క్‌లోని మరో టీమ్ మెట్స్ 12 ఏళ్లకు 31.5 కోట్లన్నారు, వాళ్లూ అదే కాలు దగ్గర ఆగిపోయారు. చివరికి జనవరిలో అతను మిన్నెసోటా ట్విన్స్‌తో 6 ఏళ్లకు 20 కోట్లకు సంతకం చేశాడు. ఈ మధ్యలో మెట్స్ వాళ్లను వెక్కిరించినవాళ్లు, పొగిడినవాళ్లు, అందరూ గాలిలో కత్తి తిప్పినట్టే.

బోస్టన్ వాళ్లకు ఇంకా పాత గాయం ఉంది. 2003 డిసెంబరులో అలెక్స్ రాడ్రిగెజ్ రెడ్ సాక్స్‌కు వచ్చేసినట్టే అనుకున్నారు. కాంట్రాక్టు విలువ తగ్గించుకోవడానికి ఆటగాడు సిద్ధపడ్డా ఆటగాళ్ల సంఘం ఒప్పుకోలేదు. రెండు నెలలకు అతను యాంకీస్ చొక్కా వేసుకున్నాడు.

మరో రెండు జల్లెడలు. ట్రేడ్‌లో మామూలు మొదటి రౌండ్ డ్రాఫ్ట్ పిక్ (కొత్త కుర్రాళ్లను ఎంచుకునే వంతు) ఇస్తున్నారని ఎవరైనా రాస్తే ఆ పుకారును అక్కడే పారేయండి. బాస్కెట్‌బాల్‌లోలా ఇక్కడ ఆ పిక్‌లను మార్చుకోవడం కుదరదు, చిన్న మార్కెట్, తక్కువ ఆదాయపు టీమ్‌లకు అదనంగా ఇచ్చే కాంపిటీటివ్ బ్యాలెన్స్ పిక్‌లకు మాత్రమే ఆ వెసులుబాటు. అలాగే మేజర్ లీగ్‌లో, అంటే పై స్థాయి లీగ్‌లో, పదేళ్ల సర్వీసు ఉండి, చివరి ఐదేళ్లూ ఒకే టీమ్‌లో ఆడినవాడు ఏ ట్రేడ్‌నైనా కాదనొచ్చు. అలాంటివాడి మీద పుకారు వస్తే, అతని మనసు తెలిసేదాకా అది సగం పుకారే.

మూడో మెట్టు: తూకం (ఇక్కడే అందరూ బోల్తా పడతారు)

ప్రత్యర్థి టీమ్ ట్రేడ్ ప్రకటించింది. ఫోన్ మోగుతూ ఉంటుంది, ఎత్తకండి. కాగితం మీద నాలుగు గళ్లు గీయండి: ఆటగాడు ఎన్నేళ్లు వాళ్ల చేతిలో ఉంటాడు, ఆ ఏళ్లకు ఎంత కడతారు, బదులుగా ఎవరిని ఇచ్చారు, ఇదే ధరకు మీ టీమ్ చేసి ఉంటే మీరేమనేవారు. ఆటగాడి పేరు అన్నిటికన్నా చివర రాయండి. పేరు ముందు రాస్తే గళ్లలో అంకెలు వాటంతటవే వంగిపోతాయి.

మొదటి గడి. మేజర్ లీగ్‌లో ఆరేళ్ల సర్వీసు నిండేదాకా ఆటగాడు టీమ్ చేతిలోనే ఉంటాడు. మొదటి మూడేళ్లూ మామూలుగా కనీస వేతనం చుట్టూనే, 2025లో అది 7,60,000 డాలర్లు. తర్వాతి మూడేళ్లు ఆర్బిట్రేషన్‌తో జీతం పెరుగుతుంది. ఆపైన స్వేచ్ఛ. అందుకే ఒకే ఆటగాణ్ని ఒక ఏడాదికి తెచ్చుకోవడం, మూడేళ్లకు తెచ్చుకోవడం రెండూ వేరే వేరే సరుకులు. 2023 డిసెంబరులో యాంకీస్ హువాన్ సోటోను శాన్ డియేగో నుంచి తెచ్చినప్పుడు చేతిలో ఉన్నది ఒకే ఒక్క ఏడాది. దానికి మైకేల్ కింగ్‌తో సహా ఐదుగుర్ని ఇచ్చారు. మా టీమ్ 2024లో వరల్డ్ సిరీస్ దాకా వెళ్లింది, కింగ్ శాన్ డియేగోలో 2.95 ఈఆర్‌ఏతో (తొమ్మిది ఇన్నింగ్స్‌కు పిచర్ ఇచ్చుకున్న పరుగుల సగటు, తక్కువైతే మేలు) 201 మందిని స్ట్రైక్ అవుట్ చేశాడు. ఆ చలికాలమే సోటో 15 ఏళ్లకు 76.5 కోట్ల డాలర్లకు మెట్స్‌కు వెళ్లిపోయాడు. ‘సోటోను తెచ్చి పోగొట్టుకున్నారు’ అని మెట్స్ వాళ్లు ఎగతాళి చేస్తుంటారు. కొన్నదే ఏడాది సరుకు, ఆ ఏడాది వాడుకున్నాం, ఇక పోగొట్టుకున్నదేముంది?

రెండో గడి. ఇక్కడ ఐపీఎల్ అలవాటున్న మనవాళ్లకు తికమక. అక్కడ పర్సుకు గీత ఉంది, 2024 నవంబరు జెద్దా వేలానికి ఒక్కో టీమ్‌కు 120 కోట్ల రూపాయలు. ఒకడి మీద ఎక్కువ పెడితే ఇంకొకడికి తక్కువైనట్టే. బేస్‌బాల్‌లో అలాంటి గోడ లేదు. టీమ్ జీతాల మొత్తం ఒక గీత దాటితే పన్ను కట్టాలి, అంతే. 2025లో ఆ గీత 24.1 కోట్ల డాలర్లు. పన్నుకు పట్టే లెక్క కాంట్రాక్టు సగటు మీద, ఆ ఏడాది చేతికిచ్చిన డబ్బు మీద కాదు. ఒహ్తానీ ఒప్పందం 10 ఏళ్లకు 70 కోట్లు, కాబట్టి ఏడాదికి 7 కోట్లు, డాడ్జర్స్ పని అయిపోయిందని ఇప్పటికీ అనేవాళ్లున్నారు. అందులో 68 కోట్లు 2034 నుంచే ఇస్తారు. పన్ను లెక్కలో అది ఏడాదికి దాదాపు 4.6 కోట్లే. అది న్యాయమా అని వాదించండి, బాగుంటుంది. కానీ తప్పు అంకెతో మాత్రం వాదించకండి.

మూడో గడి అన్నిటికన్నా జారుడు. బదులుగా ఇచ్చేది సాధారణంగా మైనర్ లీగ్ (కింది స్థాయి లీగ్) కుర్రాళ్లను. ఎవరి కుర్రాళ్లు వాళ్లకు బంగారమే. ప్రత్యర్థి వదులుకున్న కుర్రాళ్లను మీరు అమాంతం పెంచేస్తారు, మీ టీమ్ ఇచ్చినవాళ్లను ఎందుకూ పనికిరారంటారు. దీనికి మందు ఒకటే: ట్రేడ్‌కు ముందు వచ్చిన ప్రాస్పెక్ట్ జాబితా (పైకొస్తారనుకునే కుర్రాళ్ల వరుస) మాత్రమే చూడండి, తర్వాత వచ్చింది చూడొద్దు. ట్రేడ్ తర్వాత అందరి నోళ్లూ మారిపోతాయి. 2015 డిసెంబరులో అరిజోనా, ఆ ఏటి డ్రాఫ్ట్‌లో మొట్టమొదట ఎంపికైన డాన్స్‌బీ స్వాన్సన్‌నూ, మరో ఇద్దర్నీ ఇచ్చి అట్లాంటా నుంచి పిచర్ షెల్బీ మిల్లర్‌ను తెచ్చుకుంది. ఆ ధర ఎక్కువని ఆ రోజే కాగితం మీద కనిపించింది. 2016లో మిల్లర్ పేరిట 3 గెలుపులు, 12 ఓటములు, 6.15 ఈఆర్‌ఏ.

ఇక్కడ చిన్న పక్కదారి. ఆటగాళ్ల పేర్లు ఎక్కిస్తే ‘ఈ ట్రేడ్ న్యాయం, అది అన్యాయం’ అని చెప్పే లెక్కల యంత్రాలున్నాయి. మా బావకు అవంటే ప్రాణం. అవి చెప్పే అంకె ఎలా పుట్టిందో అడిగితే జవాబుండదు. ట్రేడ్‌కు ఏ ప్లస్, బి మైనస్ అని మార్కులేసే పద్ధతి ఇంకా అధ్వాన్నం, అందులో ధర ఊసే ఉండదు. నాలుగు గళ్లు చేత్తో నింపితే ఎక్కడ విభేదిస్తున్నామో కనీసం తెలుస్తుంది.

నాలుగో గడిలో నిజాయితీ కావాలి. 2024 డిసెంబరులో రెడ్ సాక్స్ నలుగురు కుర్రాళ్లను ఇచ్చి చికాగో వైట్ సాక్స్ నుంచి పిచర్ గ్యారెట్ క్రోషేను తెచ్చుకున్నారు. ఇద్దరు మొదటి రౌండ్ ఎంపికలు అందులో ఉన్నారు, కైల్ టీల్, బ్రేడెన్ మాంట్‌గమరీ. మా యాంకీస్ గుంపులో వినిపించిన మాట: ‘6 గెలిచి 12 ఓడిన పిచర్ కోసం ఇంతా?’ ఆ ఏడాది 121 ఆటలు ఓడిన టీమ్‌లో పిచర్ గెలుపోటములు చూడటం దేనికి? 146 ఇన్నింగ్స్‌లో 209 స్ట్రైక్ అవుట్లు, వయసు 25, చేతిలో రెండేళ్లు, తక్కువ జీతం. ఇదే బేరం మేం చేసి ఉంటే వీధంతా స్వీట్లు పంచేవాళ్లం. అదే గడిలో రాసి బావకు చూపించాను, ఆయన ఫోటో తీసుకున్నాడు. 2025లో క్రోషే 255 స్ట్రైక్ అవుట్లతో మేజర్ లీగ్స్‌లోనే మొదటివాడయ్యాడు. ప్లేఆఫ్స్ తొలి అంచె అయిన వైల్డ్ కార్డ్ మొదటి ఆటలో మమ్మల్నే కూర్చోబెట్టాడు, సిరీస్ మేం గెలిచాం అనుకోండి.

చివరి జాగ్రత్త, దీన్ని రెండుసార్లు చదవండి. ట్రేడ్ రోజు తెలిసినదాని మీద తీర్పు వేరు, తర్వాత జరిగినదాని మీద తీర్పు వేరు. 2023 డిసెంబరు చివర్లో రెడ్ సాక్స్ పిచర్ క్రిస్ సేల్‌ను, పైన 1.7 కోట్ల డాలర్లను అట్లాంటాకు ఇచ్చి వాన్ గ్రిసమ్‌ను తెచ్చుకున్నారు. 2024లో సేల్ 18 గెలుపులు, 2.38 ఈఆర్‌ఏ, 225 స్ట్రైక్ అవుట్లతో, మేటి పిచర్‌కిచ్చే సై యంగ్ అవార్డు కొట్టుకుపోయాడు. గ్రిసమ్ బోస్టన్‌లో నిలదొక్కుకోలేదు. ఇది చూపించి ఎగతాళి చేయడం చాలా తేలిక, నేనూ మానలేదు. కానీ అంతకు ముందు నాలుగు సీజన్లు కలిపి గాయాల వల్ల సేల్ వేసింది 151 ఇన్నింగ్సే. వయసు 34. ఆ రోజు కాగితం మీద అది మూర్ఖపు బేరం కాదు. ఫలితం ఘోరం, అంతే. నోటుబుక్కులో రెండు తేదీలు వేసి రెండు తీర్పులు విడివిడిగా రాయండి. కలిపి రాసేవాళ్లతో నేను వాదించను.

ఈ పద్ధతి మన సొంత టీమ్‌కూ పట్టాలి. మా వాళ్లు మిల్వాకీ నుంచి పిచర్ డెవిన్ విలియమ్స్‌ను తెచ్చిన రోజు అందరూ చప్పట్లు కొట్టారు. 2025లో అతని ఈఆర్‌ఏ 4.79. రెండో తేదీ తీర్పు కింద అదే రాశాను.

నాలుగో మెట్టు: వాదన

ఇద్దరూ కాగితాలు బయట పెట్టండి. ఏ గడిలో తేడా ఉందో చూసి, ఆ ఒక్క గడి మీదే మాట్లాడండి. ‘మీకు 2004లో ఏం జరిగిందో గుర్తుందా’ (3-0తో ముందుండి కూడా ప్లేఆఫ్స్‌లో మా యాంకీస్ బోస్టన్ చేతిలో ఓడారు) అనేది గడి కాదు. ఆదివారం మధ్యాహ్నం భోజనాల తర్వాత మొదలుపెట్టండి, ముందు మొదలుపెడితే అన్నం చల్లారుతుంది.

ఐదో మెట్టు: నోటుబుక్కు మూయడం

పిచర్లు శిబిరాలకు చేరిన రోజు మూసేయండి. మళ్లీ తెరవాల్సింది జూలై చివరో ఆగస్టు మొదట్లోనో వచ్చే ట్రేడ్ గడువు వారంలో, కొత్త పేజీలో. అప్పటికి సీజన్‌లో మూడో వంతే మిగులుతుంది. కాబట్టి మొదటి గడిలో భిన్నాలు వస్తాయి, వచ్చే ఏడాది కూడా చేతిలో ఉండే ఆటగాడికి ఒకటీ మూడో వంతు అని రాయాలి. దాన్ని రెండేళ్లుగా గుండ్రం చేసేవాళ్లు మీ బల్ల దగ్గర తప్పకుండా ఒకరుంటారు, ఒప్పుకోకండి.