ఇంటిపేరు చదవడం నేర్చుకుందాం – 3వ పాఠం: కాటన్ అంటే పత్తి కాదు

యూరప్ ఇంటిపేర్లు ఎక్కువగా నాలుగు దారుల్లో పుట్టాయని మొదటి రెండు పాఠాల్లో చూశాం: తండ్రి పేరు, చేసే పని, మనిషి తీరు, ఊరు. ఈసారి ఊరి పేరు. దీనికి గోదావరి జిల్లాల్లో పిల్లలకి కూడా తెలిసిన పేరు తీసుకుంటున్నాను, ధవళేశ్వరం ఆనకట్ట కట్టించిన ఆర్థర్ కాటన్ గారి ఇంటిపేరు.

కాటన్ అనగానే మనకి పత్తి, నూలు, బట్టల వ్యాపారం గుర్తొస్తాయి. అక్కడే ఆగండి. ఈరోజు ఆ మాటకున్న అర్థంతో పాత ఇంటిపేరుని చదవకూడదు, ఈ పాఠంలో నేర్చుకోవాల్సింది ముఖ్యంగా ఇదే. పత్తి అనే అర్థమున్న కాటన్ అరబ్బీ నుంచి ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషులోకి వచ్చింది. ఇంటిపేరు కాటన్ వేరు. పాత ఇంగ్లీషులో 'కొట్' అంటే గుడిసె, 'కొటుమ్' అంటే 'గుడిసెల దగ్గర'. చివర ఉన్న ఆ 'ఉమ్' విభక్తి ప్రత్యయం. దాన్నుంచే కాటన్, కోటన్ లాంటి ఊరి పేర్లు వచ్చాయి, ఆ ఊళ్ళ మీదుగా ఇంటిపేరూ వచ్చింది.

ఇది మనకి కొత్తేం కాదు. కందుకూరు ఊరు, కందుకూరి ఇంటిపేరు. 'ఊరు' కాస్తా 'ఊరి' అయింది చూశారా, అదీ విభక్తి పనే. వీరేశలింగం గారు పుట్టింది రాజమండ్రిలో, అయినా ఇంటిపేరు ఎక్కడో ఉన్న కందుకూరిది. సొంత ఊళ్ళో ఉన్నంతకాలం మనిషిని ఊరి పేరుతో పిలవాల్సిన అవసరం ఉండదు, వేరే చోటికి వెళ్ళాకే 'ఫలానా ఊరివాళ్ళు' అంటారు. ఇంగ్లండ్‌లోనూ చాలాసార్లు అలాగే జరిగింది.

ఇంకో చిక్కు ఉంది, తొందరపడితే అందరం ఇక్కడే తప్పు చేస్తాం. న్యూటన్ చివర 'టన్' ఉంది, అది 'టూన్' అనే పాత మాట, అంటే ఊరు. న్యూటన్ అంటే అచ్చంగా మన కొత్తూరు! అలాగని కాటన్‌ని కూడా కాట్ + టన్ అని విడగొడితే లెక్క తప్పుతుంది, ఎందుకంటే అందులో ఉన్నది 'టన్' కాదు, ఇందాక చెప్పిన 'ఉమ్' అరిగి అరిగి 'అన్' అయింది. ఇప్పటి స్పెల్లింగ్ చూసి విడగొట్టకుండా దొరికినంత పాత స్పెల్లింగ్ వెతకమని నేను పదేపదే చెప్పేది ఇందుకే. ఇంగ్లండ్‌లో చర్చి రిజిస్టర్లు 1538 నుంచి రాయడం మొదలుపెట్టారు, కాబట్టి మొదట వెతకాల్సింది అక్కడ.

ఇక ఆ పేరు ఎంతమందికి ఉంది, ఎక్కడెక్కడ ఉంది అనేది. కాటన్ అనే ఊరు ఇంగ్లండ్‌లోని స్టాఫర్డ్‌షైర్ జిల్లాలో ఉంది. కేంబ్రిడ్జ్ పక్కన కోటన్ ఉంది. గుడిసెలు ఎక్కడైనా ఉంటాయి కదా! అందుకే ఈ ఇంటిపేరు ఒకరితో ఒకరికి సంబంధం లేకుండా చాలా చోట్ల పుట్టింది, ఇద్దరు కాటన్‌లు కనపడగానే చుట్టాలని రాసేయకండి. 1881 బ్రిటన్ జనాభా లెక్కల్ని ఇంటిపేరు వారీగా మ్యాపు మీద చూపించే సైట్లు ఉన్నాయి, తప్పకుండా వాడండి. పేరు ఒక్క మూలనే గుంపుగా కనిపిస్తే మూలం ఒకటే అయ్యే అవకాశం ఎక్కువ. చెదురుమదురుగా చాలా చోట్ల కనిపిస్తే ఒకటి కంటే ఎక్కువ మూలాలు ఉన్నాయేమో చూడాలి, అయితే జనం ఊళ్ళు మారతారు కాబట్టి మ్యాపు ఒక్కటే చూసి తేల్చేయకూడదు.

వచ్చే పాఠం లోపు చేయాల్సిన అభ్యాసం. 'యాష్' ఒక చెట్టు. 'ఆ యాష్ చెట్టు దగ్గర' అనడానికి పాతకాలంలో 'అట్టెన్ యాష్' అనేవారు, అందులోని 'న' జారి చెట్టుకి అంటుకుని 'నాష్' అనే ఇంటిపేరు అయింది. ఇదే దారిలో 'నోక్స్' అనే ఇంటిపేరు ఏ చెట్ల దగ్గర పుట్టిందో కనుక్కోండి.